ముందు తండ్రికి చెప్పాలి

పోయిన వారం ఇదాలియా మా గుమ్మంలో నిలబడి, "ఆదివారం మధ్యాహ్నం మా వంటింటికి రండి. మీరు రాకపోతే నేనే మనుషుల్ని వెంటేసుకుని ఇక్కడికొస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది. పోయిన భాగం అక్కడ ఆపాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెబుతాను. స్ట్రాబెర్రీ కోత ముగించుకుని తిరిగొస్తున్న వ్యాను కాలువ వంతెన దాటాక బోల్తా పడింది. అందులో ఉన్న కూలీ క్రెసెన్సియో రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. అతని పక్కన కూర్చున్న భార్య పోర్ఫీరియా బతికింది. బండి తోలింది తనేనని నెల్సన్ పోలీసులతో చెప్పాడు. నెల్సన్ ఇదాలియా మొగుడు, సాల్వదోర్ దేశపు మనిషి. వ్యాను మా చానోది. చానో నా కొడుకు, ఆ తోటలో మేస్త్రీ. ఆ పూట తను తోటలోనే ఉండిపోయానన్నాడు.

తర్వాత టీవీ వాళ్ళు వచ్చారు. పోర్ఫీరియాకు స్పానిష్ రాదు. మా కొండల భాష మిస్తెకో ఒక్కటే వచ్చు. ఆమె చెప్పినదాన్ని స్పానిష్‌లోకి తెచ్చింది నేను. "నెమ్మదిగా పొమ్మని మొత్తుకున్నా డ్రైవరు వినలేదు" అని చెప్పాను. సాయంత్రం వార్తల్లో అదే వచ్చింది. మర్నాడు ఆమె మొగుడి శవపెట్టెతో సరిహద్దు అవతల మా వహాకాకు విమానమెక్కింది. వాళ్ళ కొండల్లోకి ఫోను అందదు. నెల్సన్ జైల్లో ఉన్నాడు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి జడ్జి ముందు నిలబెడతారు. నేరం అతని మీద పడితే ముందు ఏళ్ళ జైలు, ఆ తర్వాత దేశం దాటించి సాల్వదోర్‌కు పంపేస్తారు. ముగ్గురు పిల్లలు ఇక్కడ.

ఆదివారం వెళ్ళాను.

వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఇదాలియా పెనం ముందు నిలబడి పుపూసాలు, జున్ను పెట్టిన మొక్కజొన్న రొట్టెలు, తడుతోంది. ముద్ద అరచేతుల మధ్య తిరుగుతుంటే చప్పట్లు కొట్టినట్టుంది. బల్ల దగ్గర టీవీ అమ్మాయి మారిక్రూస్ లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. మూల స్ట్రాబెర్రీ డబ్బా బోర్లించుకుని ఒక ముసలామె. నల్లశాలువా, చేతులు ఒళ్ళో. ఆమెను తోటలో చూశాను, పేరు తెలియదు.

"కూర్చోండి డోన్ తేయో" అంది ఇదాలియా. "తినడానికి మాత్రం పెట్టను."

"తినే వచ్చాను."

"ఆకలితో వచ్చినా పెట్టను."

కూర్చున్నాను. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాను.

మారిక్రూస్ లేచి నిలబడింది. "డోన్ తేయో, మిమ్మల్ని మరల కలుసుకోవడం ఆనందంగా ఉంది. మీ సహకారానికి మా చానెల్ తరఫున..."

"మొదలెట్టింది వార్తలు" అంది ఇదాలియా. "అమ్మా, ఇక్కడ కెమెరా లేదు. మామూలుగా మాట్లాడు."

"నేను మామూలుగానే మాట్లాడుతున్నానండీ."

"అదే మామూలైతే ఇంట్లో అన్నం ఎలా అడుగుతావు? 'ప్రేక్షకులారా, నాకు ఆకలిగా ఉంది' అంటావా?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఇదాలియా వదల్లేదు. మూడు రోజులు చానెల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, పూర్తి టేపు చూపిస్తేగాని లేవనని పంతం పట్టిన మనిషి.

"నన్ను చూపించారు కదా రెండోరోజు. 'మా ఆయన ఎవరికీ హాని చేసేవాడు కాదు' అన్నాను. స్పానిష్‌లోనే కదా అన్నాను? మీరూ స్పానిష్‌లోనే కదా చూపించారు? మరి కింద స్పానిష్ అక్షరాలు ఎందుకేశారు? నేనేమన్నా మొరిగానా?"

"మీ దేశపు యాస మా వీక్షకులకు కొంచెం..."

"మీ అమ్మది ఏ ఊరు?"

"హలిస్కో. పల్లెటూరు."

"ఆవిడ టీవీలో కనిపిస్తే కింద అక్షరాలు వేస్తావా?"

మారిక్రూస్ లాప్‌టాప్ తెర వైపు చూసింది.

"నెల్సన్ చేతి మీద పచ్చబొట్టు ఉంది. వాళ్ళమ్మ పేరు, చుట్టూ గులాబీలు. మీరు పేరు కత్తిరించేసి సిరా ఒక్కటే చూపించారు. సాల్వదోర్ వాడు, ఒంటి మీద సిరా, ఇంకేముంది, ముఠా మనిషి. మా పెద్దదాన్ని బళ్ళో అదే అడిగారు."

"ఆ ఫొటో నేను పెట్టలేదు" అంది మారిక్రూస్ మెల్లగా. "ఆఫీసులో పెట్టారు. కానీ కింద పేరు నాదే."

ఇదాలియా పుపూసా తిరగేసింది. ఆ పిల్లతో పని అయిపోయినట్టు నా వైపు తిరిగింది.

"డోన్ తేయో, వ్యాను ఎవరిది?"

"చానోది."

"చానో మీకేమవుతాడు?"

"తెలిసిందేగా."

"మీ నోటితో చెప్పండి."

"కొడుకు."

"మా చిన్నదానికేమవుతాడు?"

"జ్ఞానతండ్రి. బాప్తిస్మం రోజు చర్చిలో ఎత్తుకున్నాడు."

"ఎత్తుకున్నాడు. నేనూ నెల్సనూ చానోని కొంపాద్రె అని పిలుస్తాం. తోడబుట్టినవాడి కంటే ఎక్కువ చూశాం." గరిటె బల్ల మీద పెట్టింది. "ఇప్పుడడుగుతున్నాను. ఆ వ్యాను బ్రేకులు సరిగ్గా లేవని తోటలో అందరికీ తెలుసు. పోర్ఫీరియా అదే చెప్పి ఉంటుంది. మీరు కొడుకు కోసం మింగేసి, నెల్సన్ మీదకి తోశారు. అవునా, కాదా?"

"కాదు."

"అయితే ఆమె ఏం చెప్పింది?"

పెనం మీద జున్ను కరిగి చిటపటమంటోంది. ఎవరూ దాన్ని చూడటం లేదు.

"నాకు తెలియదు" అన్నాను.

"తెలియదా?"

"సగం అర్థం కాలేదు. సగం కాదు. ఎక్కువే."

మారిక్రూస్ తల ఎత్తింది. "మీకు మిస్తెకో వచ్చునని చెప్పారు! నేను అడిగాను. కెమెరా పెట్టకముందే అడిగాను."

"వచ్చు. మాది శాంతా కతరీనా. ఆ ఊరి మాట వచ్చు. పోర్ఫీరియాది శాన్ మతేయో. మధ్యలో ఒక లోయ. ఇక్కణ్ణుంచి కేకేస్తే అక్కడ వినపడుతుంది. ఏమని కేకేశామో తెలియదు. వాళ్ళ సంతకి వెళితే వేళ్ళు చూపించి కొనుక్కునేవాళ్ళం."

"రెండూ మిస్తెకోనే కదా?"

"మీ కాగితాల్లో."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్న నన్ను నేను పదిహేను రోజులుగా అడుగుతున్నాను. నాకు దొరికిన జవాబు చిన్నది, చెప్పుకోవడానికి సిగ్గు కలిగించేది.

"ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో క్లినిక్కుకు నన్నే పిలుస్తారు. బడికి నన్నే, చర్చికి నన్నే. కాన్పు గది తలుపు అవతల నిలబడి మాట తర్జుమా చేశాను. రాదు అని ఎప్పుడూ అనలేదు. ఆ రోజు అంతమంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. అనబుద్ధి కాలేదు. నాకు తెలిసిన ముక్కలు నాలుగు దొరికాయి. నెమ్మదిగా, తోలేవాడు, చెప్పారు, వినలేదు. వాటిని కుట్టి నీకిచ్చాను."

"నేను దాన్ని ఒక మంచి గొంతుతో చదివించాను" అంది మారిక్రూస్, తనలో తను అనుకుంటున్నట్టు. "చివర్లో ఆమె ఏడ్చింది. చదివినామె. బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు."

ఇదాలియా నవ్వింది. వినడానికి బాగున్న నవ్వు కాదది.

"నేను మిమ్మల్ని దొంగ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. దొంగయితే నయం. దొంగకి తనేం చేశాడో తెలుస్తుంది. అర్థం కాని మాటకి నా మొగుణ్ణి కటకటాల్లో పెట్టించారు."

తల వంచుకున్నాను.

మూల కూర్చున్న ముసలామె అప్పుడు నోరు విప్పింది. మా శాంతా కతరీనా మాటే మాట్లాడింది, కొంచెం వంకరగా. "ఏమయ్యా, వీళ్ళెందుకు అరుస్తున్నారు?"

ఆమె పేరు ఎపిఫానియా. శాన్ మతేయో మనిషి. శాన్ కింతీన్ టమాటా తోటల్లో పదకొండేళ్ళు మా ఊరి ఆడవాళ్ళతో ఒకే పాకలో ఉందట, అలా మా మాట పట్టుబడింది. స్పానిష్ మాత్రం అబ్బలేదు. ఇదాలియా తోటంతా తిరిగి ఆమెను వెతికి పట్టుకుంది. సైగలతో పిలిచి, సైగలతో తీసుకొచ్చింది.

"నా మీద" అన్నాను. "తప్పు చేశాను."

"మంచిదే. అరవనీ."

దారి ఒక్కటే ఉంది. టేపులో పోర్ఫీరియా మాట్లాడుతుంది. ఎపిఫానియా వింటుంది, మా మాటలో నాకు చెబుతుంది. నేను స్పానిష్‌లో వీళ్ళకు చెప్పాలి.

"మధ్యలో మళ్ళీ ఈయనేనా?" అంది ఇదాలియా.

"ఇంకెవరున్నారు?" అంది మారిక్రూస్. సంచిలోంచి చిన్న కెమెరా తీసి బల్ల మీద నిలబెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. "అంతా రికార్డు చేస్తాను. తర్వాతైనా ఎవరితోనైనా సరిచూసుకోవచ్చు."

"తర్వాత ఎప్పుడు? రేపు తొమ్మిదికి జడ్జి."

మారిక్రూస్ టేపు నడిపింది.

పోర్ఫీరియా ఉన్న ఇంటి పెరడు. తాడు మీద బట్టలు. గోడకు ఆనించిన పూలదండలు. బొమ్మలో నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. టోపీ చేతిలో పట్టుకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని, ఫొటో తీయించుకునేవాడిలా నిలబడ్డాను. పక్కన చానో. నా భుజం మీద చెయ్యి వేసి మారిక్రూస్‌తో ఏదో అంటున్నాడు. ఏమన్నాడో నాకు గుర్తుంది. "మా నాన్నకి వచ్చు, ఆయన్ని అడగండి." అని చెప్పి తన బండి వైపు వెళ్ళిపోయాడు.

పోర్ఫీరియా మాట్లాడదు. కెమెరా వైపు చూడదు. చానో వెళ్ళిన వైపే చూస్తోంది. బండి తలుపు మూసుకున్నాక ఇంట్లోకి వెళ్ళింది.

"వార్తల్లో ఇక్కడ కొంత తీసేశాం" అంది మారిక్రూస్. "ఏమీ లేదు. ఆయనకు సోడా తెచ్చిచ్చింది అంతే. ఆతిథ్యం."

నిజమే. పోర్ఫీరియా నారింజ సోడా సీసా తెచ్చింది. మూత తీసి, రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చింది. నేను తీసుకున్నాను. ఎండగా ఉంది. తాగాను.

ఎపిఫానియా డబ్బా మీంచి లేచింది. "ఆపమను."

ఆపించాను.

"అయ్యా, ఆమె నీకు సీసా ఇచ్చింది."

"ఇచ్చింది."

"రెండు చేతులతో ఇచ్చింది. నువ్వు తాగావు."

"దాహమేసింది."

ఆమె నన్ను చూసిన చూపు చెప్పలేను. పిచ్చివాణ్ణి చూస్తున్నట్టు చూసింది. "మీ ఊళ్ళో లేదా ఇది?"

అప్పుడు తెలిసింది.

మా ఊళ్ళోనూ ఉంది. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే ముందు ప్రెసిడెంటు దగ్గరికి పోరు, పోలీసుల దగ్గరికి పోరు. ముందు తండ్రికి చెప్పాలి. తెల్లవారకముందే సారా సీసా పట్టుకుని తండ్రి ఇంటికి వస్తారు. తండ్రి తాగకపోతే కొడుకును వెనకేసుకొచ్చినట్టు. తాగితే విన్నట్టు. విన్నాక కొడుకును చెయ్యి పట్టుకుని నష్టపోయినవాళ్ళ గుమ్మానికి తీసుకెళ్ళి నిలబెట్టాలి. అది ఇక తండ్రి బాధ్యత. మా నాన్న ఒకసారి మా అన్నను అలా తీసుకెళ్ళడం చూశాను. దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో, పరాయి ఊళ్ళో, కెమెరా ముందు, సారా బదులు నారింజ సోడాతో వస్తే నేను పోల్చుకోలేదు.

"నడపమను" అంది ఎపిఫానియా. కూర్చోలేదు.

పోర్ఫీరియా మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడినంతసేపూ నన్నే చూస్తోంది. మారిక్రూస్ అడిగినదేదీ ఆమె పట్టించుకోలేదని ఇప్పుడు తెలుస్తోంది. నేను టేపులో తల ఊపుతున్నాను. ఊపుతూనే ఉన్నాను.

ఎపిఫానియా ఒక్కో ముక్కకూ ఆపించి, మా మాటలో చెప్పింది.

"అయ్యా, నీ ఇంటికి రావలసింది. శవాన్ని ఇంట్లో పెట్టుకుని గడప దాటలేను. నువ్వే వచ్చావు గనక ఇక్కడే చెబుతున్నాను."

"ఏమంటోంది?" అంది మారిక్రూస్.

"పలకరింపు" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

"నీ కొడుకు మీద చెబుతున్నాను. బండి తోలింది నీ కొడుకు. పక్కన సాల్వదోర్ ఆయన కూర్చున్నాడు. నెమ్మదిగా పొమ్మని ఆయన మూడుసార్లు చెప్పాడు. తోలేవాడు వినలేదు. కాలువ దాటాక బండి తిరగబడింది."

పెనం మీద పుపూసా మాడుతున్న వాసన. ఇదాలియా తీయలేదు.

"నీ కొడుక్కి దెబ్బ తగల్లేదు. వాడూ సాల్వదోర్ ఆయనా గట్టు మీద కూర్చున్నారు. నీ కొడుకు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. అప్పటికి నా మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, నీళ్ళు అడిగాడు. పోతాడని ఎవరూ అనుకోలేదు. పోలీసుల సైరను వినబడ్డాక నీ కొడుకు తోటలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సాల్వదోర్ ఆయన వచ్చి తోలేవాడి సీటు పక్కన నిలబడ్డాడు."

ఎపిఫానియా గొంతు తగ్గించింది. చివరి ముక్క చెప్పింది.

"నీకు చెప్పాను. నువ్వు తాగావు. నా పని అయిపోయింది. నా మనిషిని తీసుకుని పోతాను."

టేపులో నేను ఖాళీ సీసా ఆమెకు తిరిగిచ్చాను. గ్రాసియాస్ అని థాంక్స్ చెప్పాను. బొమ్మ ఆగిపోయింది.

"చెప్పండి" అంది ఇదాలియా.

ఇక్కడ ఒక్క సంగతి రాయాలి. జరిగిన సంగతి తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే. ఎపిఫానియాకు స్పానిష్ రాదు. నేను ఏం చెప్పినా ఆమెకు తెలియదు. మిగతా ఇద్దరికీ ఆమె మాట రాదు. ఇదాలియా బ్రేకుల కోసం ఎదురుచూస్తోంది. బ్రేకులు చెడిపోయాయని చెబితే చాలు. లాయరు దాన్ని పట్టుకుంటాడు. నెల్సన్ మీద భారం తగ్గుతుంది. చానోకి పాత బండి నడిపించినందుకు జరిమానా. ఇదాలియా నాకు పుపూసా కూడా పెడుతుంది. ఒక్క మాట, అందరికీ సరిపోయే మాట, నాలుక చివర వచ్చి కూర్చుంది.

చానోకు ఇంతకుముందే ఒకసారి తాగి తోలినందుకు లైసెన్సు పోయింది. లైసెన్సు లేకుండా తోలి రెండోసారి పట్టుబడితే, అదీ మనిషి పోయాక, వాణ్ణి నేను మళ్ళీ చూసేటప్పటికి బతికి ఉంటానో లేదో.

తర్వాత ఇంకోటి తట్టింది. చానోకి ఆరేళ్ళప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని శాన్ మతేయో సంతకు తీసుకెళ్ళేవాణ్ణి. పైన కూర్చుని వాడూ వేళ్ళు చూపించేవాడు. రెండు అంటే రెండు, ఐదు అంటే ఐదు. నాకు ఆ మాట రాదని వాడికి తెలుసు. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాడు వాడొక్కడే. తెలిసే నా భుజం మీద చెయ్యి వేసి, మా నాన్నకి వచ్చు అన్నాడు.

"డోన్ తేయో" అంది మారిక్రూస్.

చెప్పాను. ముందు నుంచి చివరి దాకా చెప్పాను. సోడా సంగతి చెప్పాను. గట్టు మీద చేతులు పట్టుకున్న సంగతి చెప్పాను. నా కొడుకు అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి ఎవరికీ వినబడలేదు.

ఇదాలియా సంతోషిస్తుందనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మాడిన పుపూసా వైపు చూస్తూ ఉండిపోయింది.

"నెల్సన్ నాకూ చెప్పలేదు" అంది చివరికి. "వారం వారం వెళ్ళాను. అద్దానికి అటువైపు కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, నా కళ్ళలోకి చూసి, 'నేనే తోలాను, నిద్ర పట్టేసింది' అన్నాడు. నాకు! పదమూడేళ్ళు కాపురం చేసినదానికి!"

"కొంపాద్రెకి మాటిచ్చాడు" అన్నాను.

"వెధవ మాట. పిల్లలు ముగ్గురు వాడికి. బయటికి రానివ్వండి, నేనే మళ్ళీ లోపలికి తోస్తాను." కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

మారిక్రూస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, ఎంత పని చేసినాను నేను" అంది. అప్పుడు మాత్రం ఆమె నోట్లో వార్తలు లేవు. హలిస్కో పల్లెలో వాళ్ళమ్మ ఎలా అంటుందో అలా అంది. ఇదాలియా కూడా తలెత్తి చూసింది.

కాసేపటికి ఆ పిల్ల తేరుకుంది. కెమెరా నా వైపు తిప్పింది. "డోన్ తేయో, ఆరింటి వార్తలకు ఇంకా మూడు గంటలున్నాయి. ఇప్పుడు చెప్పినదే ఇటు చూసి ఒక్కసారి చెప్పండి. మీ నోటితోనే వేస్తాను. వేరే గొంతు పెట్టను. రేపు లాయరుకు కూడా ఇస్తాను."

"చెబుతాను. వాడు వచ్చాక."

"ఎవరు?"

"చానో. నేను తాగాను గనక నేను తీసుకురావాలి. నష్టపోయినవాళ్ళ ముందు నిలబెట్టాలి. పోర్ఫీరియా వహాకాలో ఉంది. ఇక్కడ మిగిలింది ఇదాలియా."

ఇదాలియా చటుక్కున లేచింది. "మీరు బయటికి అడుగు పెడితే వాడికి కబురు వెళుతుంది. వాడు బండెక్కి సరిహద్దు దాటి దక్షిణానికి పోతాడు. రేపు తొమ్మిదికి జడ్జి ముందు నా దగ్గరేముంటుంది? ఒక టేపు, మూడు చేతులు మారిన మాట. వాడే ఉండాలి."

"బయటికి వెళ్ళను. మీ ముందే ఫోన్ చేస్తాను."

"ఏ భాషలో?"

"వాడితో ఎప్పుడూ మాట్లాడే భాషలో. స్పానిష్‌లో మాట్లాడితే పక్కన ఎవరో ఉన్నారని పసిగడతాడు."

ఆమె నన్ను పైనించి కిందికి చూసింది. ఇంటి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టేటప్పుడు చప్పుడయింది.

చానో మూడో మోతకు ఎత్తాడు.

"ఎక్కడున్నావురా?"

"ఇంట్లోనే. ఏంటి నాన్నా, ఇదాలియా ఇంటి నంబరు నుంచి?"

"ఇక్కడే ఉన్నాను. నువ్వూ రా."

"ఎందుకు?"

"రా."

వాడు నన్ను ఎన్నడూ అడగని ప్రశ్న అడిగాడు. "అక్కడ ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాను. "ఇదాలియా పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్ళింది. వెనక తలుపు ఊడిపోయింది, బిగించమంది. ఒక్కణ్ణే పట్టలేకపోతున్నాను."

"టీవీ ఆమె ఏమైనా మళ్ళీ వచ్చిందా?"

"ఎందుకొస్తుంది?"

"సరే. పావుగంటలో వస్తా. నాన్నా, ఎవరొచ్చినా ఏం మాట్లాడకు."

"నేనెప్పుడు మాట్లాడాను?"

పెట్టేశాను. మూలన ఎపిఫానియా తల ఎత్తి నన్ను చూస్తోంది. ఆమెకు మా మాట వచ్చు. విన్నదంతా విన్నది.

"ఏమన్నారు?" అంది ఇదాలియా. "చాలాసేపు మాట్లాడారు. రా అనడానికి అంతసేపా? పొమ్మన్నారా?"

వాడన్నది, నేనన్నది, ఒక్క ముక్క వదలకుండా స్పానిష్‌లో చెప్పాను. ఒంటరిగా ఉన్నానని చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. మారిక్రూస్ ఎపిఫానియా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. ఎపిఫానియాకు నేను స్పానిష్‌లో ఏం చెప్పానో తెలియదు. నా మాటకు సాక్ష్యం చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఇదాలియా పొయ్యి ఆర్పింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ వీపు మీద వేసింది.

"సరే డోన్ తేయో. పావుగంట చూద్దాం."

మారిక్రూస్ కెమెరాను గిన్నెల వెనక్కి జరిపింది. ఎపిఫానియా శాలువా సర్దుకుంది. నేను గోడ గడియారం చూశాను. పన్నెండు నిమిషాలు. పదమూడు. పద్నాలుగు. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు, మళ్ళీ తీసేశారు.

పదహారో నిమిషంలో గులకరాళ్ళ మీద చక్రాల చప్పుడయింది. ఇంజను ఆగింది. దక్షిణానికి పోలేదు, వచ్చాడు. నేను లేచి టోపీ పెట్టుకున్నాను.

బండి తలుపు మూసిన చప్పుడు వినబడింది.

ఆ వెంటనే అవతలి వైపు తలుపు కూడా మూసుకుంది. ఇదాలియా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

చానో ఒంటరిగా రాలేదు.